ఏడో ప్రశ్న

ఆమెను మా ఆస్పత్రిలో అందరూ ఫోనక్క అంటారు. హాజరు పట్టీలో వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె తల కూడా తిప్పదు. ఇరవై రెండేళ్ళు ఇక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని, ఎవరు ఎవరితో మాట్లాడాలో వాళ్ళని కలిపి తను పక్కకి తప్పుకునేది. తర్వాత ఆ పనికి మెషీన్లు వచ్చాయి. మిగతా వాళ్ళను రికార్డు గదిలోకి తోసేశారు. ఈమె గొంతు బాగుందని కేన్సర్ విభాగం పెద్ద డాక్టరు గారు పరిశోధన పనికి అడిగి తీసుకున్నారు. గొంతు బాగుంటుందంటే తియ్యగా ఉంటుందని కాదు. ఆ గొంతు ఏం విన్నా మారదు, అంతే.

ఎక్స్‌రే గదికీ లాండ్రీకీ మధ్య మా గది. రెండు బల్లలు, ఒక బీరువా, ఒక కిటికీ. కిటికీ తెరిస్తే లాండ్రీ ఆవిరి, మూస్తే ఉక్కపోత. ఒక బల్ల ఫోనక్కది, ఇంకోటి నాది. ఆమె ఫోన్లో అడిగి ఫారం నింపుతుంది, నేను ఆ ఫారం చూసి కంప్యూటర్లో ఎక్కిస్తాను. నాకు ఓపిక తక్కువని అందరూ అంటారు, నిజమే. ఆమెకి ఓపిక ఎక్కువని కూడా అంటారు. అది ఓపికో, లోపల ఏమీ మిగలకపోవడమో మూడేళ్ళు పక్కన కూర్చున్నా నాకు తేలలేదు.

వాళ్ళాయన అప్పుడప్పుడు మధ్యాహ్నం కేరేజీ పట్టుకొచ్చి, ఆమె ఫోన్ పెట్టేసేదాకా తలుపు దగ్గర నిలబడేవాడు. ఊరందరి జ్వరం అడుగుతుంది గానీ నాది మాత్రం అడగదమ్మా అని నాతో ఫిర్యాదు చేసేవాడు. మీకు వస్తే మీరే పదిసార్లు చెప్తారుగా, మళ్ళీ నేనడగడమెందుకు అనేది ఆమె. నవ్వకుండానే అనేది. ఆయన మాత్రం నవ్వుకుంటూ ఖాళీ కేరేజీ తీసుకుని వెళ్ళిపోయేవాడు.

మా పరిశోధన ఏమిటో చెప్తాను, కష్టమేం కాదు. కేన్సర్ మందు ఎక్కించిన వారం తిరిగేసరికి రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. ఆ వారం పది రోజులు ఒంటికి కాపలా ఉండదు. మనకైతే నాలుగు తుమ్ములతో పోయే క్రిమి వాళ్ళకి రక్తంలోకి ఎక్కిపోతుంది. జ్వరాన్ని మొదటి గంటల్లో పట్టుకుంటే మనిషి దక్కుతాడు, పొద్దుపోతే దక్కడు. అందుకని ఇంటికి పంపేటప్పుడు అందరికీ ఒక థర్మామీటరు, ఒక కార్డు ఇస్తారు. వంద దాటితే గంటలో ఆస్పత్రికి రావాలని ఆ కార్డులో ఉంటుంది. అందులో సగం మందికి దాంతోపాటు రోజూ ఫోనక్క ఫోన్ చేస్తుంది. ఏ సగంలో తక్కువమంది పోతారో చూడాలి. అంతే మా పని. ఇలా చెప్తే మా ఆడపడుచు ఛీ అంది. మీరూ అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఫారంలో పది ప్రశ్నలు. ఏడోది ఇది: నిన్నటి నుంచి నొప్పికి గానీ జ్వరానికి గానీ ఏదైనా మాత్ర వేసుకున్నారా? ఎందుకంటే మాత్ర జ్వరాన్ని కిందికి దించేస్తుంది. థర్మామీటరు తొంభై తొమ్మిది చూపిస్తుంది, లోపల క్రిమి తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి ఏడోదానికి ఔనంటే, జ్వరం లేకపోయినా వెంటనే రమ్మనాలి.

ఇంకో నియమం కూడా చెప్పాలి. మా ఫారాల్లో తప్పు రాస్తే కనపడకుండా కొట్టేయకూడదు, తెల్ల ఇంకు పూయకూడదు. పాత మాట కింద కనపడేలా దానిమీద ఒకే ఒక గీత గీసి, పక్కన అసలు మాట రాసి, సంతకం, తేదీ, ఎందుకు మార్చామో రాయాలి. పెద్ద మార్పయితే సాక్షి సంతకం కూడా ఉండాలి. కొత్తలో నేను దీనిమీద బోలెడు విసుక్కున్నాను.

కుట్టుమిషనావిడ సంగతికి వస్తాను. దర్జీ పని చేసేది. వాళ్ళాయన తాళాలు బాగుచేస్తాడు. ఆవిడకి రొమ్ము కేన్సర్, నాలుగో విడత మందు నడుస్తోంది. ఫోనక్క ఆవిడను ఒక్కసారి కూడా చూడలేదు. మాట్లాడుతుంటే వెనక మిషను టకటకలాడేది కాబట్టి ఆ పేరు పెట్టింది. మా అక్క మనుషుల్ని ఇలాగే గుర్తుపెట్టుకుంటుంది, ఒకరు కుక్కరు విజిలాయన, ఇంకొకరు మనవరాలి ఏడుపావిడ. కుట్టుమిషనావిడ మహా సరదా మనిషి. మీ గొంతు వింటే మీ కొలతలు చెప్పేస్తానండీ, మీరు బొద్దుగా ఉంటారు కదా అంది ఒకసారి. కట్టెపుల్లలాంటి ఫోనక్క, ఔను బొద్దే, నడుం దగ్గర కాస్త వదులుగా కుట్టాలి అంది. ఆమె జోకు వేయడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఏడో ప్రశ్న వచ్చినప్పుడల్లా కుట్టుమిషనావిడ నవ్వేది. రోజూ అదే అడుగుతారేంటండీ, వేసుకోలేదు, వేసుకోను అనేది. తొమ్మిది రోజులు అలాగే అంది.

పదో రోజు నాకు బాగా గుర్తుంది. మర్నాడు పైనుంచి తనిఖీ వాళ్ళు వస్తున్నారు. మధ్యాహ్నానికల్లా నా దగ్గర ఫారాలన్నీ ఎక్కిపోవాలి, ఆమె దగ్గరింకా బోలెడు ఫోన్లున్నాయి. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఆమె కుట్టుమిషనావిడతో మాట్లాడుతుంటే బల్ల పక్కన చెయ్యి చాపుకుని నిలబడ్డాను. జ్వరం ఎంతుందని అడిగింది, తొంభై తొమ్మిది అని రాసింది. ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, మిషను చప్పుడు లేదే, ఇవాళ కుట్టడం లేదా అంది. అవతల ఏదో చెప్పారు. నేను గడియారం కేసి చూపించి, కానివ్వక్కా అన్నాను. ఆమె సరే పడుకోండి, మిగతావి మామూలేగా అని, ఏడు నుంచి పది దాకా లేదు, లేదు, లేదు, లేదు అని టిక్కులు పెట్టి ఫారం నా చేతిలో పెట్టింది. నేను ఎక్కించేశాను.

మర్నాడు ఫోన్ వాళ్ళాయన ఎత్తాడు. తెల్లారేసరికి పలకలేదట, ఐసీయూలో ఉందన్నాడు. రక్తంలో క్రిములు చేరాయి. మూడో రోజు పోయింది. ఫోనక్క చివరి పేజీ తీసి తేదీ, సమయం రాసింది. తర్వాత జాబితాలో కింది నంబరు నొక్కి, నమస్కారమండీ, ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాను, ఇవాళ ఎలా ఉన్నారు అంది. టీ తాగాం. తనిఖీ వాళ్ళు అంతకు ముందే ఫారాలు శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకుని వెళ్ళారు.

నాకు ఏడుపు రాలేదు. వస్తుందేమోనని రెండు మూడు రోజులు చూశాను. అన్నం మామూలుగానే తిన్నాను. ఒళ్ళంతా తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, అలా ఉండేది. ఫోనక్కకి ఎలా ఉందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

రెండు నెలలు గడిచాక పెద్ద డాక్టరు గారు మీటింగు పెట్టారు. పరిశోధన బాగా నడుస్తోందని, వచ్చే నెల నుంచి ఇంకో పది ఆస్పత్రుల్లో ఇవే ఫోన్లు మొదలుపెడతామని చెప్పారు. అయితే ఫోన్ పొడుగైపోతోంది, కొన్ని ప్రశ్నలు తగ్గించాలన్నారు. ఏడోదాని దగ్గర ఆగారు. మూడేళ్ళలో దీనికి ఔనన్నవాళ్ళు ముగ్గురే, వాళ్ళని పిలిపిస్తే ఏమీ లేదు. ఫోన్లు వెళ్ళినవాళ్ళలో పోయినవాళ్ళు నలుగురు, ఆ నలుగురిలో ఒక్కరూ మాత్ర వేసుకోలేదు. దీనివల్ల పనేం లేదు, తీసేద్దాం అన్నారు. ఆ నలుగురిలో కుట్టుమిషనావిడ ఒకరు. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. ఫోనక్క గోడ చూస్తూ కూర్చుంది.

గదిలోకి వచ్చాక తలుపు మూసి, బీరువాలోంచి కుట్టుమిషనావిడ పదో రోజు ఫారం తీసింది. నాకు విషయం అర్థమై ఒంటికాలి మీద లేచాను. పోయినావిడ తిరిగొస్తుందా, నీకేమైనా పిచ్చా, ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటావా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె ఉద్యోగం కోసం కాదు, నా కోసం అన్నాను. అది ఇప్పుడు చెప్తున్నాను.

ఆమె అంతా విని, "పది ఆస్పత్రులు" అంది. "అక్కడ ఎవరూ అడగరు." ఫారంలో కుట్టుమిషనావిడ ఇంటి నంబరు చూసి ఫోన్ దగ్గరికి లాక్కుంది.

"అడగలేదని రాసి ఊరుకో. వాళ్ళాయనకెందుకు ఫోన్ చేయడం? మాత్ర ఇచ్చింది ఆయనే అయితే? పెళ్ళాన్ని నువ్వే చంపుకున్నావని చెప్పినట్టు కాదూ?"

ఆమె ఫారంలో ఏడో ప్రశ్న మీద వేలు పెట్టింది. లాండ్రీ మెషీను తిరిగి తిరిగి ఆగింది. అడగలేదని రాస్తే జవాబు ఖాళీ అవుతుంది గానీ ప్రశ్న నిలబడదు, మాత్ర వేసుకుందో లేదో తెలిస్తేనే నిలబడుతుంది అంది. ఇంత పొడుగు మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. సాక్షి వినాలి కాబట్టి ఫోన్ స్పీకర్లో పెట్టింది.

వాళ్ళాయన ఎత్తాడు. వెనక ఆకురాయి గీకుతున్న చప్పుడు, తాళంచెవి అరగదీస్తున్నట్టున్నాడు. ఆమె ఎవరో చెప్పగానే చప్పుడు ఆగింది. రోజూ అడిగే గొంతుతోనే, ఆ తేదీ చెప్పి, ఆ రోజు ఆవిడ నొప్పికి గానీ జ్వరానికి గానీ ఏదైనా మాత్ర వేసుకున్నారా అండీ అని అడిగింది.

"వేసుకుంది" అన్నాడాయన. "పొద్దున ఒకటి, మీరు ఫోన్ చేసే ముందు ఒకటి. ఒళ్ళు నొప్పులంటే నేనే తెచ్చిచ్చాను."

ఫోనక్క రాసుకుంది. ఆయన ఎందుకండీ అన్నాడు. ఇంకోసారి అన్నాడు. నేను చేత్తో పెట్టెయ్ పెట్టెయ్ అని సైగ చేస్తున్నాను.

"ఆ ప్రశ్న ఆ రోజు నేను అడగాలండీ. అడగలేదు. అడక్కుండానే వేసుకోలేదని రాసేశాను. అడిగుంటే వెంటనే రమ్మనేదాన్ని. తప్పు మాత్రది కాదు, మీది కాదు. నాది."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆకురాయి కింద పెట్టిన చప్పుడయ్యాక అడిగాడు.

"అయితే, తను మీతో అబద్ధం చెప్పలేదాండీ?"

ఫోనక్క చెప్పలేదండీ అంది.

అప్పుడు చెప్పాడు. ఐసీయూలో డాక్టరు మా ఫారం చూసి, మాత్రలేవీ వేసుకోలేదని నిన్న ఫోన్లో చెప్పారుగా అన్నాడట. తను ఇచ్చిన మాత్రల సంగతి ఈయన చెప్పబోయి మింగేశాడట. స్పృహ లేకుండా పడున్న మనిషిని అందరి ముందు అబద్ధాలకోరును ఎలా చేయను అన్నాడు. మళ్ళీ ఆస్పత్రిలో పడుకోబెడతారనే భయంతో దాచిందనుకున్నాను అన్నాడు.

"రెండు నెలల నుంచి దానిమీద కోపంగా ఉన్నానండీ. ఎందుకు దాచావే అని. ఫొటోకేసి కూడా చూడటం లేదు." "ఉంటానండీ" అని పెట్టేశాడు.

ఫోనక్క ఏడుపు నేను చూడటం అదే మొదలు. చప్పుడు లేదు, మొహం మారలేదు, కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారుతున్నాయి. ఫారం తడవకుండా పక్కకి జరిపింది. ఏడో ప్రశ్నకి ఎదురుగా ఉన్న లేదు మీద స్కేలు పెట్టి ఒక గీత గీసింది. పక్కన ఔను, రెండు, అని రాసింది. కారణం దగ్గర, ఆ రోజు నేను అడగలేదు, ఆమె అబద్ధం చెప్పలేదు అని రాసింది. రెండో మాట అక్కడ అక్కర్లేదు, ఏ నియమంలోనూ లేదు. అక్కర్లేదని నేను చెప్పలేదు. సాక్షి దగ్గర నేను సంతకం పెట్టాను.

ఏడో ప్రశ్న ఉండిపోయింది. పది ఆస్పత్రులకీ అచ్చయి వెళ్ళింది, దానికింద నల్లగీత గీసి మరీ. ఫోనక్కకు మెమో ఇచ్చి రికార్డు గదికి పంపారు. వాళ్ళాయన ఇప్పుడు కేరేజీ అక్కడికే తీసుకెళ్తున్నాడు. దారిలో కనిపిస్తే, ఇప్పుడు ఇంట్లో నా జ్వరం కూడా అడుగుతోందమ్మా, మాత్ర వేసుకున్నారా అని కూడా అడుగుతోంది అన్నాడు. ఈసారి ఆయనా నవ్వలేదు.

ఫోన్ పని నాకిచ్చారు. నమస్కారమండీ, ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాను అంటాను. గొంతు మారకుండా మాట్లాడటం నాకూ అలవాటైంది. పెద్ద డాక్టరు గారు మెమో ఇచ్చిన రోజు దిద్దిన ఫారం చేత్తో పట్టుకుని, ఫోనక్కను చాలా ప్రశ్నలు అడిగారు. ఎందుకు తొందరపడ్డావన్నారు. ఆమె నా వైపు చూడకుండా, పని ఎక్కువగా ఉందండీ అంది. సాక్షిని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు.