తులసి వెన్నులు

మాది అల్లూరు పక్క పల్లె. చుట్టూ రొయ్యల గుంటలే. పెరట్లో గుమ్మడి తీగ దడి నిండా పాకింది గానీ, పిందె నిమ్మకాయంత కాకముందే పసుపెక్కి రాలిపోయేది. తేనెటీగలు రావడం లేదు, వాటికి ఇష్టమైన పూలు పెంచమని వ్యవసాయం ఆఫీసులో మా కోడలికి చెప్పినారంట. దడి పొడుగునా తులసి నాటింది. బియ్యం కడిగిన నీళ్లే పొయ్యమన్నాను, మంచినీళ్లు తగలెయ్యొద్దన్నాను. అట్లే పోసింది.

తులసి పూల వెన్ను వేస్తే గిల్లెయ్యాలి. వదిలేస్తే చెట్టు ఎండిపోతుంది, ఇంటికీ మంచిది కాదు. మా అత్త చెప్పింది అదే. మూడో తరగతిలో బడి మానినదాన్ని, నాకు వచ్చినవన్నీ ఆమె దగ్గర నేర్చినవే. రోజూ తెల్లారి తులసికోట దగ్గర దీపం పెట్టి, ఆ వెంటనే దడి వెంబడి నడుస్తూ, పూత విచ్చకముందే వెన్నులన్నీ గిల్లేసేదాన్ని. పారెయ్యలేదు. దగ్గు కషాయానికి పనికొస్తాయని చేటలో ఎండబెట్టినాను.

పిందెలు రాలుతూనే ఉన్నాయి. ఒకరోజు కోడలు వాటిని ఏరుతుంటే, "నీ చేతిలో చలవ లేదు" అన్నాను. ఆ పిల్ల రాలినవి కొంగులో వేసుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత వెంకటాచలంలో ఉండే నా కూతురు రమ్మని ఒకటే పోరు పెట్టింది. పోయినాను. బయల్దేరతానన్నప్పుడల్లా ఇంకో నాలుగు రోజులుండమని నెల దాకా కదలనియ్యలేదు. నా మీద బెంగ కాబోలు అనుకున్నాను.

తిరిగొచ్చి పెరటి తలుపు తీస్తే జుమ్మని చప్పుడు. తులసంతా ఊదారంగు పూత, వెన్ను వెన్నుకీ తేనెటీగలు. ఒక్క చెట్టూ ఎండలేదు. గుమ్మడి తీగకు చెంబంత కాయలు దిగి ఉన్నాయి. దడి పొడుగునా నడుస్తూ ఒక్కో కాయా తడిమి చూసినాను.

మధ్యాహ్నం కోడలు గుమ్మడికాయ పులుసు వడ్డించింది. వెన్నులు గిల్లి చెడగొట్టింది నేనే, మాట పడింది నువ్వు అన్నాను.

"తెలుసత్తా. అందుకే వదినకు ఫోన్ చేసి మిమ్మల్ని పిలిపించుకోమన్నాను."

కోపంగా అనలేదు. ఇంకొంచెం పులుసు వెయ్యనా అని అడిగినట్టే అంది.

ఒక్క మాట, అత్తా గిల్లొద్దు అని, నాకు చెప్పలేక నన్ను ఊరు దాటించింది. నా కూతురు కూడా, అమ్మకే చెప్పి చూడరాదా అని కోడల్ని అడిగి ఉండదు. నేనెట్లాంటిదాన్నో దానికీ తెలుసు. ఎండిన వెన్నులు చేట నిండా కనబడుతుంటే కషాయం కాచుకోవడానికి కూడా చెయ్యి రాలేదు.

మరునాడు దీపం పెట్టినాక, ఏవి గిల్లమంటావో నువ్వే చెప్పమన్నాను.

"కోటలో చెట్టు మీ ఇష్టం. దడి వెంబడివి ముట్టుకోవద్దు" అంది. అనేసి నా మొహం చూసి, "మీకు కావాలంటే కొన్ని..." అని సర్దబోయింది.

వద్దన్నాను. ఆ వద్దన్నది కూడా కసిరినట్టే వచ్చింది నా నోట్లోంచి.