నిద్రపోతున్న బాలవాడీలు

మదనపల్లెలో నేను మూడు బాలవాడీలు చూశాను. మూడింటినీ నిద్రలోనే చూశాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నన్ను భోజనానికి వదిలేది మధ్యాహ్నం ఒకటిన్నరకు. ఆ వేళకు ఊళ్ళోని చిన్నపిల్లలంతా గోధుమరవ్వ ఉప్మా తిని చాపల మీద వాలిపోయి ఉండేవాళ్ళు. మిగతా తల్లులు పాటలు విని, పలకలు చూసి బాలవాడి ఎంచుకుంటే, నేను నిద్రను చూసి ఎంచుకున్నాను. ఎనభైల మొదటి రోజులవి.

మా పాపకు అప్పుడు మూడున్నరేళ్ళు. అంతదాకా పుంగనూరులో మా అమ్మ దగ్గర పెరిగింది. అక్కడ దాని నోటికి తాళమే లేదు. కోడితో మాట్లాడేది, రోలుతో మాట్లాడేది, ఎవరూ దొరక్కపోతే తన కాలి బొటనవేలితో మాట్లాడేది. మా ఆయన కుప్పం దగ్గర బడిపంతులు. శనివారం బస్సు దిగి, ఆదివారం మళ్ళీ ఎక్కేవాడు. నా ఉద్యోగం పర్మనెంటయ్యాక పాపను తెచ్చుకుని, ఇంటికి దగ్గరని మున్సిపాలిటీ బాలవాడిలో చేర్చాను.

పదిరోజులకు అక్కడి టీచరమ్మ నన్ను పిలిపించి, "మీ పాపకు మాటలు రావా అమ్మా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల అక్కడ పెదవి విప్పడం లేదట. దాహమేసినా అడగదట, ఒంటికొచ్చినా చెప్పదట, లంగా తడుపుకుని అట్లాగే కూర్చుంటుందట. నెల తిరిగేసరికి ఇంట్లో కూడా మాటలు తగ్గిపోయాయి. పిల్ల నిజంగానే మూగదైపోతుందేమోనని భయపడ్డాను. తప్పు బాలవాడిదేనని తేల్చేశాను.

మరునాడు మధ్యాహ్నం వెళ్ళి కిటికీలోంచి చూశాను. పిల్లలందరూ ఒకే వరుస, తలలన్నీ ఒకే వైపు. కళ్ళు మూసుకున్నారు గానీ రెప్పలు అదురుతున్నాయి. సగం మందిది దొంగనిద్ర. టీచరమ్మ స్వెట్టర్ అల్లుకుంటూ, ఎవరైనా కదిలితే కుర్చీ చేతిని సూదితో టక్కుమనిపిస్తోంది. మా పాప కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తోంది. ఇది నిద్ర కాదు, డ్రిల్లు అనుకున్నాను.

రెండోది మహిళా మండలి వాళ్ళు నడిపేది, ఒక పెంకుటింటి వసారాలో. ఎవరి కాలు ఎవరి పొట్ట మీద ఉందో తెలియకుండా, రాశిపోసిన శనక్కాయల్లా పడి ఉన్నారు పిల్లలు. ఆయమ్మ కూడా గుర్రుపెడుతోంది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. నేనొక పిల్లను చంకనేసుకుని పోయినా అడిగే దిక్కులేదు. అయినా ఏం నిద్ర అది! గడప మీద కూర్చుంటే, పాలపొడి వాసనతో కలిసిన ఆ ఊపిర్లు వింటూ వింటూ నాకే కళ్ళు మూతలు పడ్డాయి. పొద్దుటినుంచి చెవుల్లో గీపెడుతున్న ట్రంకు కాల్స్ ఒక్కొక్కటే దిగిపోయాయి. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలీదు. మనసు చంపుకుని లేచి వచ్చేశాను.

మూడోది బియ్యం మిల్లు వెనక ఒంటిగది. మిల్లు మోత గోడలోంచి నేలలోకి, నేలలోంచి చాపల్లోకి వచ్చి పిల్లల్ని మెల్లగా ఊపుతున్నట్టుండేది. ముసలి ఆయమ్మ వాళ్ళ మధ్యనే కూర్చుని చేటలో రవ్వ ఏరుతోంది. ఆమె కొంగు ఒకడి గుప్పిట్లో, కాలి కడియం ఇంకొకతె గుప్పిట్లో ఉన్నాయి. "ఆడనే ఉండమ్మా, లేస్తారు," అని గుసగుసగా నన్ను గడప దగ్గరే ఆపింది. ఆ మాటకే నాకు నచ్చేసింది. పాపను అక్కడ చేర్చాను.

అక్కడా మాట్లాడలేదు. నిద్ర మాత్రం పోయేది. రోజూ ఒకటిన్నరకు వెళ్ళి, నోరు కొద్దిగా తెరుచుకుని పడుకున్న దాని ముఖం చూసి వచ్చేదాన్ని. మూడో వారంలో ఆయమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"పాపకు మాటలు రావని ఎవురమ్మా సెప్పింది? నిద్దట్లో బాగా మాట్లాడతాది."

"ఏమంటుంది?"

"ఒకటే మాట. 'మాయమ్మ వద్దనింది, మాయమ్మ వద్దనింది' అంటాది. ఏమి వద్దంటివమ్మా, పిల్లని?"

వద్దన్నది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ట్రంకు కాల్ కావాలన్న ఒకాయనతో "యాడికి కావాలప్పా?" అన్నందుకు, కోస్తా వైపునుంచి బదిలీ మీద వచ్చిన తోటి ఆపరేటర్లు నన్ను నెలరోజులు 'యాడమ్మ' అని పిలిచారు. ఆ సిగ్గు నన్ను వదల్లేదు. బాలవాడిలో చేర్చే రోజు పాపకు జడ వేస్తూ చెప్పాను. యాడ, ఈడ అనకూడదు, ఎక్కడ, ఇక్కడ అనాలి, అట్లా రాకపోతే అసలు మాట్లాడనే వద్దు, అందరూ నవ్వుతారు అని. చెప్పి నేను మర్చిపోయాను. అది మర్చిపోలేదు. ఊరంతా తిరిగి బాలవాడీలకు వంకలు పెట్టాను గానీ, నా బిడ్డ నోరు నొక్కింది నేనే.

ఏడుపు ఆగలేదు. చెప్పులు విప్పి, పిల్లల్ని దాటుకుంటూ పోయి, పాప పక్కన చాప మీద పడుకున్నాను. అది కళ్ళు తెరిచింది. దాని చెవిలో పుంగనూరు మాటలోనే చెప్పాను.

"మాట్లాడుకో బంగారూ. యాడ అనుకో, ఈడ అనుకో. అమ్మ తప్పు సెప్పింది."

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మొచ్చా లేదా అని చూస్తోందని నాకు తెలుసు. అంతసేపూ మిల్లు ఆడుతూనే ఉంది. తర్వాత మెల్లగా తల అటు తిప్పి, ఆయమ్మను అడిగింది.

"అవ్వా, నీళ్ళు యాడుండాయి?"

ఆయమ్మ చేట పక్కన పెట్టి కడవ దగ్గరికి లేచింది. నా భోజనం గంట ఎప్పుడో అయిపోయింది. నేను లేవలేదు.