ఎండ యాప్‌కి సగం, వాన యాప్‌కి సగం

ఆదివారం అమ్మకి చేపలు ఎక్కువగా వస్తాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు ఎండబెట్టి అమ్మే మా అమ్మ ఫోన్లో నేనే రెండు వాతావరణ యాప్‌లు పెట్టాను. ఈ ఉదయం ఒకటి ఎండ చూపింది, ఇంకొకటి వాన చూపింది. దేన్నీ నొప్పించకుండా అమ్మ సగం చేపలు ఆరబెట్టి, సగం ఉప్పులోనే ఉంచింది. మధ్యాహ్నం వాన పడి ఆరబెట్టినవి తడిసిపోయాయి.

“వాన బొమ్మని నమ్మొచ్చు కదమ్మా?” అన్నాను.

“నిన్న దాన్నే నమ్మితే ఎండ కాసీసింది కదే! సదూకున్నావు కదా, ఒక్కటే ఉంచు.”

ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి వాన తప్పు కూడా నాదే అయింది. మన వైజాగ్ తీరానికి ఏ యాప్ నయమో, వాడినవాళ్లు శనివారం సాయంత్రంలోగా చెప్పండి. రెండోది తీసేస్తాను.