పోచమ్మ తల్లి సూదులడిగిన ఏడాది

మా చిన్నప్పుడు బుధవారం వచ్చిందంటే చాలు, మా వాడలో పసిపిల్లలు మాయమైపోయేవారు...

కరీంనగర్ జిల్లాలో నేతపనివాళ్ల వాడ మాది. ఇంటింటికీ సాంచలే... అంటే మరమగ్గాలు. బుధవారం పొద్దున సర్కారు దవాఖాన నర్సమ్మ నీలం రంగు ఐసు డబ్బా పట్టుకుని వాడలో అడుగు పెట్టగానే తలుపులన్నీ మూసుకునేవి. సాంచలు మాత్రం ఇంకా జోరుగా ఆడేవి. "పిల్లలకు టీకాలేస్తం, తీస్కరాండ్రి!" అని పాపం ఆవిడ గొంతు చించుకునేది. "సాంచల సప్పుడుకు ఏం ఇనవడ్తలేదమ్మా..." అని లోపలి నుంచి జవాబొచ్చేది. వినపడకపోతే జవాబెలా ఇచ్చారని ఆవిడ ఏనాడూ అడగలేదు.

మా ఇంట్లోనైతే నూలు కండెలు వేసుకునే గంపలో తమ్ముణ్ని పడుకోబెట్టి, పైన పాత చీర కప్పేది మా బాపమ్మ. అంటే నాన్న తల్లి, నాన్నను మేం బాపు అంటాం. వాడు బుద్ధిగా నిద్రపోయేవాడు. మా బాపమ్మ మాటంటే వాడలో వేదవాక్కు. ఎందుకంటే ఏటా బోనాలప్పుడు పోచమ్మ తల్లి ఆవిడ మీదికే వచ్చేది. ఆవిడ సూది వద్దంటే వాడంతా వద్దన్నట్టే.

"మంచిగ ఆడుకునే పిల్లగానికి సూది పొడిచి జరం తెచ్చుడేంది? తట్టు వచ్చుడు, పోవుడు పోచమ్మ తల్లి చేతిల ఉంటది. నడుమ గీ నర్సమ్మ ఎవలు?" అనేది.

మా అవ్వకు, అంటే అమ్మకు, మాత్రం సూది వేయించాలని ఉండేది. నాకూ తమ్ముడికీ మధ్య ఒక చెల్లెలుండేది. అడుగులు నేర్చిన కొత్తలో తట్టు పోసి పోయింది. ఆ తర్వాత తమ్ముడికి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, అవ్వ అన్నం ముద్ద ముట్టేది కాదు.

"అత్తమ్మా, ఒక్క సూదే గద..." అని అవ్వ మెల్లగా మొదలుపెట్టేది. బాపమ్మ కస్సుమనేది. ఇద్దరూ తీర్పు కోసం బాపు వంక చూసేవారు. బాపు వెంటనే "పోగు తెగింది" అంటూ సాంచ దగ్గరికి ఉరికేవాడు. మా ఇంట్లో తెగినన్ని పోగులు జిల్లాలో ఇంకెవరింట్లోనూ తెగి ఉండవు!

అట్లా ఉండగా శ్రావణమాసం బోనాలొచ్చాయి. డప్పులు, వేప మండలు, పసుపునీళ్లు... వాడంతా పోచమ్మ గుడి ముందరే. బాపమ్మ కొప్పు ముడి విప్పుకుంటోంది, అంటే తల్లి రాబోతోందన్నమాట. అందరూ చేతులు జోడించారు.

సరిగ్గా అప్పుడే పక్కనున్న మా అవ్వ పెద్ద కేక పెట్టింది!

జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది... ఎప్పుడూ కొంగు తలమీంచి జారనివ్వని మా అవ్వ! డప్పులవాళ్లు ఒక్క క్షణం ఆగి, ఎవరికి కొట్టాలో తెలియక బాపమ్మ వంక చూశారు. బాపమ్మ సగం విప్పిన కొప్పును మళ్లీ ముడేసుకుంది. ఏం చేస్తుంది మరి, తల్లి కోడలి మీదికి వెళ్లిపోయింది. బాపమ్మే పసుపునీళ్లు చల్లి అడిగింది.

"ఎవలు తల్లీ నువ్వు?"

"పోచమ్మను!"

"బోనమిత్తిమి, కల్లు సాక పోత్తిమి... ఇంకేం గావాలె తల్లీ?"

"నా పిల్లలకు సూదులేవి? నర్సమ్మను తోలింది నేనే. మీరు తలుపులు వెట్టుకుంటుండ్రు!"

జనం ముఖముఖాలు చూసుకున్నారు. బాపమ్మ తక్కువదా? మేకను బలిస్తానని బేరం పెట్టింది. "పై ఏడాది యాటను కోత్త తల్లీ. గా సూదొక్కటి ఇడిసిపెట్టు."

"యాట గీట నాకొద్దు. సూదే!"

"సూదేత్తె జరమత్తది గద తల్లీ?"

"జరం ఒక్క రాత్రి ఉంటది. నేనత్తె ఉత్త చేతులతోని పోత్తనా?"

మా చెల్లెల్ని ఆఖరిసారి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది బాపమ్మే. కొంగుతో కళ్లు తుడుచుకుని, కోడలి కాళ్లకు మొక్కింది. ఆ రోజు సాంచలన్నీ బందు... అయినా సరే, మా బాపు "పోగు తెగింది" అని గొణుక్కుంటూ జనంలోంచి జారుకున్నాడు.

మరుసటి బుధవారం బాపమ్మే ఇంటింటి తలుపూ కొట్టింది. నర్సమ్మ డబ్బాకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టించింది. పిల్లలేమో ఒకరిని చూసి ఒకరు రాగాలు తీస్తున్నారు. పళ్లూడిన ఒక ముసలాయన కూడా జబ్బ చాచి వరుసలో నిలబడి, "నాకెందుకెయ్యవు? నేను పోచమ్మ బిడ్డను గానా?" అని కొట్లాటకు దిగాడు. మధ్యాహ్నానికే మందు అయిపోయింది. నర్సమ్మ నోరెళ్లబెట్టి, ఇదెట్లా జరిగిందని అడిగింది.

"నువ్వు చెప్తె ఎవలింటరు? పైనుంచి ఆర్డర్ రావాలె," అంది బాపమ్మ.

అయితే ఆవిడ అంత తేలిగ్గా నమ్మే మనిషా! ఒకరోజు కండెలు చుడుతూ కోడలి వంక ఓరగా చూసింది. "పోచమ్మ తల్లి ఇన్నేండ్ల సంది నా మీదికత్తాంది. ఒక్కనాడన్న నర్సమ్మ ముచ్చట చెప్పలే."

అవ్వ తలెత్తకుండానే, "అప్పుడు నర్సమ్మ లేకుండె గద అత్తమ్మా," అంది.

బాపమ్మ మళ్లీ కండె అందుకుంది. అవ్వ మీదికి తల్లి మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు కాలం ఎంత మారిపోయింది... టీకా రోజని ఫోనే గుర్తు చేస్తోంది. వెళ్తే చల్లగా ఏసీ గది, గోడ మీద బొమ్మలు, సూది పడ్డాక బిడ్డ చేతికో బెలూను. దాక్కునేవాళ్లూ లేరు, దిగిరావలసిన దేవతలూ లేరు. మొన్న తమ్ముడు తన చిన్నదానికి టీకా వేయించడానికి వెళ్తే, అవ్వా నేనూ వెంట వెళ్లాం. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు, ఇన్నేళ్లకు ధైర్యం చేసి అడిగాను. "అవ్వా, నిజం చెప్పు... ఆనాడు నీ మీదికి అమ్మవారు వచ్చిందా?"

అవ్వ తలుపు వైపు చూసింది. లోపల బిడ్డ ఏడుస్తోంది, మా వాడు ఊరుకోబెడుతున్నాడు.

"ఎవలచ్చిండ్రో నాకెరుకలేదు బిడ్డా... ఇంకో పిల్లను మట్టిల వెట్టే ఓపికైతె నాకు లేకుండె."

మీ జబ్బ మీదా చిన్నప్పటి టీకా మచ్చ ఉండే ఉంటుంది... అది పడడానికి మీ ఇంట్లో ఎవరు ఎవరితో కొట్లాడారో, అడగడానికి మనుషులున్నప్పుడే అడగండి. అడిగి, మాకూ చెప్పండి...