సదాశివ చేతుల్లో కరెంటు

సదాశివ చెడ్డవాడని జహీరాబాద్‌లో ఎవరూ అనరు. అతని భార్య సుమిత్ర కూడా అనదు. అదే ఆమెకు వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఒకసారి గట్టిగా తిట్టి ఊరుకునేది.

సుమిత్ర సర్కారు దవాఖానలో నర్సు. సదాశివది బస్టాండు పక్కన రేడియో రిపేరు దుకాణం. మూగబోయిన రేడియోను చెవికి ఆనించుకుని, వేలితో రెండుసార్లు తట్టి, లోపల ఏం పోయిందో చెప్పేసేవాడు. కోహీర్, ఝరాసంగం రైతులు ట్రాన్సిస్టర్లను చంకలో పెట్టుకుని అతన్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా చదువు పిచ్చి. హైదరాబాద్ పోయినప్పుడల్లా పాత ఇంగ్లీషు పత్రికలు కట్టలు కట్టలు తెచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాడు. రష్యాలో మనిషి చేతి చుట్టూ ఉండే వెలుగును ఫొటో తీశారనీ, అమెరికాలో పళ్లేల్లాంటి విమానాలు దిగుతున్నాయనీ అన్నం దగ్గర చెప్పేవాడు. సుమిత్ర ఊఁ కొట్టేది. పొద్దంతా దవాఖానలో వందమంది గోడు విన్న చెవులకు ఇదో లెక్క కాదు.

డెబ్భై ఏడు జనవరిలో ఒకనాడు పొద్దుగూకే వేళ పడమట, మొగుడంపల్లి వైపు ఆకాశంలో తెల్లటి గుండ్రటి వెలుగొకటి నిలబడింది. ముప్పావు గంట కదలలేదు. బజారంతా మెడలు పైకెత్తి చూసింది. సుమిత్ర కూడా దవాఖాన మెట్ల మీద నిలబడి చూసింది. సదాశివ దుకాణంలో రేడియోలన్నీ ఒక్కసారిగా గరగరమన్నాయట. ఆ మాట అతనొక్కడే చెప్పాడు.

ఇంటికి వచ్చి అరచేతులు చాపాడు. "సుమిత్రా, జర పట్టి సూడు. కాల్తున్నయి."

ఆమె పట్టుకుని చూసింది. "సోల్డరింగ్ చేసి వచ్చిన్రు గద. కాలక ఏమైతయి?"

"ఇది గా వేడి గాదు. ఏదో కిరణం తాకింది. మనిషి శరీరం గూడ ఒక సర్క్యూటే. ఎక్కడన్న లూజు కనెక్షనుంటే ఈ చేతులతోని సరిచేయొచ్చు."

వారం తిరగకముందే దుకాణం ముందు బెంచీ మీద తలనొప్పుల వాళ్లు, నడుంనొప్పుల వాళ్లు కూర్చోవడం మొదలుపెట్టారు. సదాశివ వాళ్ల ఒంటిమీద జానెడు ఎత్తులో చేతులు ఆడించేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. వాళ్లు హాయిగా ఉందని లేచి పోయేవాళ్లు. పది నిమిషాలు కళ్లు మూసుకుని నీడన కూర్చుంటే ఎవరికైనా హాయిగానే ఉంటుందని సుమిత్ర అంటే, "అన్నీ మీ డాక్టర్లకే తెలుసా?" అనేవాడు.

ఇది చాలదన్నట్టు ఊళ్లో ఇంకొకరు తయారయ్యారు. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే జగన్‌మోహన్. మూఢనమ్మకాలు ఎక్కడ కనబడితే అక్కడ యుద్ధానికి దిగే మనిషి. ఆ రోజు కనబడింది శుక్రగ్రహం తప్ప మరేమీ కాదని పేపరుకు ఉత్తరం రాశాడు. సదాశివ దానికి ఎనిమిది పేజీల జవాబు రాశాడు. పేపరువాళ్లు వేయకపోతే హోటల్లో నిలబడి చదివాడు. అప్పట్నుంచి సాయంత్రం చాయ్ దగ్గర ఇద్దరికీ వాదమే. ఎడాపెడా ఇంగ్లీషు మాటలు పడేవి.

సుమిత్ర ఆ రోజు మెట్ల మీదినుంచి శుక్రుణ్ణీ చూసింది, దానికి బెత్తెడు ఎడంగా ఉన్న ఆ గుండ్రటి వెలుగునూ చూసింది. రెండూ వేరువేరని ఆమె కళ్లకు తెలుసు. ఆ సంగతి ఇద్దరికీ చెప్పింది. జగన్‌మోహన్ నవ్వి, "కళ్లు మోసం చేస్తాయమ్మా," అన్నాడు. సదాశివ, "అగో, నా పెండ్లాం గూడ సూసింది," అని ఆమెను సాక్షిగా లాగాడు. ఇక వాళ్ల జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఎనభైలో మొగుడంపల్లి దగ్గర జొన్న కోసిన చేనులో పెద్ద ప్లాస్టిక్ గుడ్డ, దానికింద తాళ్లతో కట్టిన పెట్టె పడ్డాయి. సదాశివ సైకిలు తొక్కుకుంటూ పోయి చూశాడు. పెట్టెమీద తెలుగులో, కన్నడంలో, మరాఠీలో కాగితం అంటించి ఉంది: ఇది పరిశోధన కోసం వదిలిన బెలూను, ముట్టుకోవద్దు, కబురు చేయండి. లోపలినుంచి వచ్చే సన్నటి చప్పుడు విని అది సిగ్నలు పంపే యంత్రమని అందరికన్నా ముందు గుర్తుపట్టింది అతనే.

అన్నం దగ్గర సుమిత్ర అడిగింది: "అయితే గా దినం పొద్దుగూకే ఎండకు మెరుస్తుంటె మనం సూసింది గిదే గద?"

"ఇది బెలూనే. గాదంటలేను. గా దినందే బెలూనని ఎట్ల చెప్తవ్?"

జగన్‌మోహన్‌ను అడిగితే, ఇప్పుడు పడింది బెలూనే కావచ్చు గానీ అప్పటిది శుక్రుడేనన్నాడు. మనుషులకు నిజం దొరకడం కన్నా తాము అన్నమాట నిలబడటమే ముఖ్యమని సుమిత్రకు ఆరోజు తెలిసొచ్చింది. గిన్నెలు దభీదభీమని సర్దింది.

ఒక్కమాట మాత్రం సదాశివ దగ్గర తీసుకుంది. తలనొప్పులైతే మీ ఇష్టం, పుండు, జ్వరం, దగ్గు కనబడితే నా దగ్గరికి పంపాలి. అతను సరేనన్నాడు.

మరుసటి ఏడు గ్రంథాలయం ముందు పందిరి వేసి చర్చ పెట్టారు. "మానవ శరీరంలో ప్రాణశక్తి ఉందా?" అని బోర్డు రాశారు. ఆదివారం మధ్యాహ్నం. సుమిత్ర పోవద్దనుకుంది. పోకపోతే ఏం ముంచుకొస్తుందోనని పోయింది. వెనక వరసలో కూర్చుంది.

సదాశివ తన సాక్షిగా ఝరాసంగం నుంచి మణెమ్మ అనే ముసలామెను తెచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె కుడిపాదానికి పాత చీరపేలిక చుట్టి ఉంది. సుమిత్ర మెడ చాచి ఆ పేలికనే చూసింది. ఈ మనిషి సంగతి అతను ఇంట్లో ఒక్కనాడూ చెప్పలేదు.

"అవ్వా, నెలన్నర కింద నీ కాలు ఎట్లుండే?" అడిగాడు సదాశివ.

"పానం పోయేటట్టు మండుతుండె, అయ్యా."

"ఇప్పుడు?"

"మంట లేదు, నొప్పి లేదు. కాలున్నట్టే తెలుస్తలేదు."

జనం చప్పట్లు కొట్టారు. జగన్‌మోహన్ లేచాడు. నొప్పి తగ్గిందని తానూ ఒప్పుకుంటున్నాననీ, అది చేతుల మహిమ కాదు, మనసు చేసే మాయ అనీ, నమ్మకంతో ఇచ్చిన పంచదార బిళ్లకూ నొప్పి తగ్గుతుందనీ అరగంట చెప్పాడు. సదాశివ రష్యా ఫొటో పైకెత్తి చూపించాడు. మళ్లీ చప్పట్లు. నొప్పి ఎందుకు పోయిందన్నదాని మీద ఇద్దరూ గొంతులు చించుకుంటున్నారు. వాళ్లకు మూడడుగుల దూరంలో మణెమ్మ ఈగలు తోలుకుంటూ కూర్చుంది.

ఈగలు పాదం మీదికే వస్తున్నాయి.

సుమిత్ర లేచింది. మనుషుల్ని తోసుకుంటూ ముందుకు పోయి, మణెమ్మ కాళ్ల దగ్గర కూలబడి పేలిక విప్పింది. వాసన గుప్పుమని ముందు వరసవాళ్లు ముక్కులు మూసుకున్నారు. చిటికెన వేలు, దాని పక్క వేలు బొగ్గుల్లా నల్లబడ్డాయి.

"సుమిత్రా, నొప్పి పోయిందని ఆమెనే అంటున్నది గద," అన్నాడు సదాశివ.

"నొప్పి పోవుడే రోగమయ్యా!" ఆమె అరుపుకు మైకు కూడా అక్కర్లేదు. "షుగరు ముదిరితే నరాలు సచ్చిపోతయి. నిప్పుల మీద నిలవెట్టినా తెల్వది. నెలన్నర నుంచి గాల్ల చేతులాడిస్తున్రా? ఒక్కసారి గా బట్ట ఇప్పి సూడలే?"

జగన్‌మోహన్ ముందుకొచ్చి, "నేను చెప్పేదీ అదే కదమ్మా," అనబోయాడు.

"మీరేం జెప్పిన్రు సార్? అరగంట మాట్లాడిన్రు. మీకు గూడ ఆమె కాలు కనవడలే. జరుగున్రి, రిక్షా పిలువున్రి."

దవాఖాన డాక్టరు చూసి వెంటనే హైదరాబాద్ పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. మణెమ్మకు నా అనే వాళ్లు లేరు. దుకాణానికి తాళం వేసి సదాశివే ఆమెను బస్సులో తీసుకుపోయాడు. ఇరవై రెండు రోజులు అక్కడే వరండాలో పడుకున్నాడు. అన్నం తినిపించాడు, మలమూత్రాలు ఎత్తాడు. రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలిచింది.

తిరిగొచ్చినప్పుడు గడ్డం మాసి, చిక్కి సగమై ఉన్నాడు. ఇన్నాళ్లూ సుమిత్ర మనసులో పేర్చి పెట్టుకున్న తిట్లు ఆ ముఖం చూశాక నోట్లోంచి రాలేదు. తిట్టలేకపోయినందుకు ఇంకా మండింది. తన మీద తనకూ కోపమే. తన ఇంటి మనిషి ఏం చేస్తున్నాడో నాలుగేళ్లు చూస్తూ, నవ్వుకుంటూ ఊరుకున్నది తానే కదా.

"తప్పయింది," అన్నాడు సదాశివ. ఆ వెంటనే, "ఒక్కమాట మాత్రం..." అని మొదలుపెట్టాడు.

"ఆ ఒక్కమాట మింగున్రి," అంది సుమిత్ర.

మింగాడు. కానీ చేతులాడించడం మానలేదు. దుకాణం ముందు బోర్డు పెట్టాడు: ముందు దవాఖాన చీటీ, తర్వాతే ఇక్కడ. దానికీ ఆమె నెత్తి కొట్టుకుంది. తీరా చూస్తే, దవాఖాన గడప తొక్కని వాళ్లు కూడా సదాశివ చేతుల కోసం చీటీ తెచ్చుకోవడానికి వరస కట్టారు. ఆ ఏడు షుగరు, టీబీ ఎన్నడూ లేనంత ఎక్కువగా బయటపడ్డాయి. డాక్టరు, "మీ ఆయన మనకు మంచి పని చేస్తున్నాడు సిస్టర్," అంటే ఆమె మొహం చిట్లించి తర్వాతి మనిషిని పిలిచింది. జగన్‌మోహన్ మాత్రం ఆ సభలో మోసాన్ని బయటపెట్టింది తానేనని ఊరూరా ఉపన్యాసాలు చెప్పుకున్నాడు.

మణెమ్మ నెలనెలా షుగరు పరీక్షకు వచ్చేది. ఎనభై ఆరు ఎండాకాలంలో ఒకరోజు బెంచీ మీద పక్కామెతో గొప్పగా చెబుతోంది: "రేడియో అయ్య చేతి మహిమనే, అక్కా. డాక్టర్లు మోకాలు దాక కోస్తమన్నరు. అయ్య పక్కన గూసోని చేతులాడిచ్చిండు, రెండు వేళ్లతోటే పోయింది."

సుమిత్ర సూది పక్కన పెట్టింది. నరాలంటే ఏమిటో, కాలు నిలిపింది ఎవరో ఐదోసారి మొదటినుంచి చెప్పడానికి నోరు తెరిచింది. మణెమ్మ ఆమె ముఖంలోకి ప్రేమగా చూస్తోంది. ఎంత చెప్పినా తలూపుతుంది, బయటికి పోయి మళ్లీ అదే చెబుతుంది.

"సరే అవ్వా. చెప్పు ఇప్పు, కాలు చాపు."

చిటికెన వేలు ఉండవలసిన చోట ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. విప్పింది కొత్త రబ్బరు చెప్పు, పట్టీ మరీ బిగుతు.

"ఇది ఎవరు కొనిచ్చిన్రు?"

"ఇంకెవరు తల్లీ, అయ్యనే. పండుగకు ఇచ్చిండు."

సుమిత్ర పాదం కడిగి, మందు రాసి, మెత్తగా కట్టు కట్టింది. మణెమ్మను అక్కడే కూర్చోమంది. ఆ చెప్పును చేత్తో పట్టుకుని దవాఖాన మెట్లు దిగింది. ఎర్రటి ఎండలో, బజారంతా చూస్తుండగా, మొగుడి దుకాణం వైపు గబగబా నడిచింది.