బీరమ్మ గీసిన ఏడు సముద్రాల దారి

నిన్న మా బడి గ్రంథాలయానికి కొత్త పుస్తకాల పెట్టె వచ్చింది. మూత తెరవగానే పచ్చి సిరా వాసన గుప్పుమంది. పైనున్న పుస్తకంలో రెండు పేజీల నిండా ఒక పటం. రాక్షసుల కొండలు, యక్షుల తోట, మాయల మడుగు. ఎక్కడా లేని దేశానికి అంత అందమైన పటం. పిల్లలు నా భుజాల మీదుగా వంగి చూస్తుంటే, ఆ బొమ్మ వేసిన ముక్కూ మొహం తెలియని మనిషి మీద నాకు అసూయ కలిగింది. ఆ మంట నాకు కొత్త కాదు. తెలంగాణ వచ్చిన కొత్తలో, కోస్గి దగ్గర ఒక ఊరి బడిలో, మధ్యాహ్న భోజనం వండే బీరమ్మ దాన్ని మొదట రగిలించింది.

నేనప్పుడు సాంఘికశాస్త్రం చెప్పడానికి కేతేపల్లి నుంచి కొత్తగా వెళ్లాను. పటాలంటే నా తర్వాతే ఎవరైనా అనుకునేవాణ్ని. ప్రపంచపటం గోడకు తగిలించి బెత్తంతో నదులు చూపిస్తుంటే, పిల్లలు కిటికీ వైపు చూసేవారు. కిటికీ అవతల వంటగది గోడ. దాని మీద బీరమ్మ దేశం. ఆమె గొర్రెల కాపరుల ఇంటి మనిషి. భర్తతో కలిసి ఏటా ఎండాకాలం మందను తోలుకొని కృష్ణా నది దాకా నడిచేది. భర్త పోయాక మంద అమ్మేసి వంటకు చేరింది. అక్షరం రాదు. పొయ్యి బొగ్గుతో, ఎర్రమట్టి జాజుతో, బట్టలకు పెట్టే నీలిమందుతో ఏడు సముద్రాలు, ఒంటిస్తంభం మేడ, రాక్షసుడి ప్రాణమున్న చిలుక గుహ గీసింది.

ఒకరోజు పళ్లేలు పట్టుకొని కూర్చున్న పిల్లలు అడుగుతుంటే విన్నాను.

“అవ్వా, రాకుమారుడు గీ కొండెక్కి పోవచ్చు గదా?”

“పోవచ్చు. గుర్రానికి నీళ్లేడియి బిడ్డా? వాగు పొంటి తిరిగి పోవాలె.”

“వాగు ఏడ పుట్టింది?”

“గా కొండల్లనే. కొండ లేకుంటె వాగు ఏడికెళ్లి వస్తది?”

వారం రోజులుగా నేను చెప్పలేక సతమతమవుతున్న పాఠం అది. కడుపులో భగ్గుమంది. ఆ సాయంత్రమే, గోడ పాడవుతోంది, సున్నం కొట్టిద్దామని ప్రధానోపాధ్యాయుడికి చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

ఆ చలికాలం విద్యాశాఖ అధికారి తనిఖీకి వచ్చి ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ప్రధానోపాధ్యాయుడు రికార్డుల కోసం లోపలికి వెళ్లాడు.

“ఎవరు గీసిండ్రు ఇది?” అన్నాడు అధికారి.

నోరు జారిందని చెప్తే అబద్ధమవుతుంది. తెలిసే అన్నాను.

“నేనే సార్.”

నాలుగడుగుల దూరంలో బీరమ్మ గంటె పట్టుకొని నిలబడి ఉంది. పొయ్యి వైపు తిరిగింది. అధికారి నా భుజం తట్టి, మండల ప్రదర్శనకు అలాంటిదే చార్టు మీద గీసి తెమ్మన్నాడు.

మూడు సాయంత్రాలు కూర్చున్నాను. కొలతలు, దిక్కులు అన్నీ సరిగానే వచ్చాయి. దేశం మాత్రం రాలేదు. నాలుగో రోజు పిల్లలు వెళ్లాక చార్టు పట్టుకొని వంటగదికి పోయాను. క్షమించమని అడగడానికి వెళ్లి, “దీంట్ల తప్పేముందో చూడు బీరమ్మా” అన్నాను.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకొని, నేను గీసిన దారి వెంట వేలితో నడిచింది. సగంలో ఆగింది.

“పొద్దుగూకితె రాకుమారుడు యాడ పండుకుంటడు సారూ?”

“పటంల అదెందుకు?”

“నువ్వు ఎన్నడన్న గంత దూరం నడిచినవా?”

లేదన్నాను.

“మా ఆయన మంద ముంగట, నేను పిల్లను గంపల పెట్టుకొని ఎనుక. పొద్దుగూకెటాళ్లకు జాగా దొరకాలె. దొరకని దినం ఏడ్చిన. నేను ఏడ్చిన జాగలల్లనే గోడ మీద రాక్షసులను పెట్టిన.” నా వైపు తిరిగి అడిగింది. “ఆ దినం అబద్ధమెందుకు చెప్పినవ్?”

“కుళ్లు. నీ పటం చూస్తె పిల్లలు తిండి మరుస్తరు. నాది చూస్తె నిద్రపోతరు.”

ఆమె పొయ్యిలోంచి ఒక బొగ్గు తీసి నా చేతిలో పెట్టింది. “గీయి. నేను చెప్త.”

ప్రదర్శనకు ఆమెను కూడా తీసుకెళ్లాను. శాలువా నాకు కప్పబోతుంటే, ఇది బీరమ్మదని, గోడ మీదిదీ ఆమెదేనని, తనిఖీ రోజు అబద్ధం చెప్పానని అందరి ముందూ ఒప్పుకున్నాను. అధికారి మొహం మాడింది. శాలువా ఆమెకు కప్పారు. నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు. పిల్లలు ఆమె కోసం చప్పట్లు కొడుతుంటే నా కడుపు మళ్లీ మండింది.

తిరుగు బస్సులో ఆమె నా మొహం చూసి అడిగింది.

“ఇంక మండుతాందా సారూ?”

“మండుతాంది.”

“మండనియ్. నువ్వు పుస్తకం పట్టుకొని గదిలకు పోతుంటె నాకు రోజూ మండుతది. నన్నెవలు బడికి తోలిండ్రు?”

అలాంటి మాట వస్తుందని నేను ఊహించలేదు. ఆమె కిటికీలోంచి చూస్తూ మెల్లగా అంది.

“నాకు రాసుడు నేర్పుతవా?”

నేర్పాను. ఏడాది పట్టింది. గోడ మీది కొండలకు, వాగులకు తన చేత్తో పేర్లు రాసుకుంది. వంకర అక్షరాలు. తర్వాత నాకు తిరుమలగిరి వైపు బదిలీ అయింది. ఆమె పోయిన కబురు నాకు నెల తర్వాత తెలిసింది.

నాలో ఆ అసూయ చావలేదు. కాకపోతే ఎవరి మీద కలిగినా, వాళ్ల దగ్గరికి వెళ్లి నేర్పమని అడగాలని తెలుసు. అడగలేని రోజులే ఎక్కువ. అడిగిన రోజుల్లో మాత్రం నేను కొంచెం మంచి పంతులును.