అమ్మకి కుడిచెయ్యి

మా అమ్మకి పక్షవాతం వచ్చేనాటికి నాకు పదకొండేళ్లు. కుడివైపంతా పడిపోయింది, మాట కూడా పోయింది. బందరు ఆసుపత్రి నుంచి మా ఊరు పెడన తీసుకొచ్చి మంచం మీద దించాక, స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం అన్నీ నావే అయ్యాయి. బడి ఊసు నేనూ ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు మనవలు పుట్టాక నేర్చుకున్నవి.

అమ్మని చూడ్డానికి గుడివాడ నుంచి మేనత్త వచ్చింది. నాన్న మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు.

"ఒరేయ్, దీన్ని దివిసీమలో పుట్టింటికి పంపించెయ్. నేను కూడా వెళ్లి దిగబెట్టొస్తాను. ఇక్కడుండి ఏం చేస్తుంది? కండెకి నూలు చుట్టే దిక్కు లేకుండా ఎన్నాళ్లు నేస్తావు?"

"నేను చుడతానత్తా," అన్నాను.

"నువ్వు చుట్టిన కండె చూశాలేవే. బూరుగు కాయలా ఉంది."

నిజమే. అంతకుముందు నాన్నకి కండెలు చుట్టిపెట్టేది అమ్మే. నేను వదులుగా చుట్టిన కండె, పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెడితే నూలు కుప్పగా జారి, పోగు తెగేది. మాటిమాటికీ నాన్న నేత ఆపి ముడి వేసుకునేవాడు.

"మగ్గం మీదున్న ఈ పడుగు నేత అయ్యాక చూద్దాంలే అక్కా," అన్నాడు నాన్న. అమ్మ మంచంలోంచి అంతా వింటోంది. ఒకసారి పంపితే మళ్లీ తీసుకురారని నాకు తెలుసు.

మర్నాడు తల దువ్వుతుంటే అమ్మ కండెలు చుట్టే రాట్నం వైపే చూస్తోంది. అప్పుడు తట్టింది. రాట్నం తిప్పేది కుడిచెయ్యి. నూలుని వేళ్ల మధ్య బిగించి కండె మీదకి పంపేది ఎడమచెయ్యి. పనితనమంతా ఎడమచేతిదే.

అమ్మని కిందకి దించి గుంజకి ఆనించాను. జారిపోకుండా పాతచీరతో నడుము కట్టాను.

"గొడ్డుని కట్టినట్టు కడతావేమే?"

"పడిపోకుండా అత్తా."

అమ్మ కుడిపక్కన కూర్చుని రాట్నం తిప్పాను. జోరు ఎక్కువైతే అమ్మ ఎడమచేతిలో నూలు వదిలేసి నన్ను గిల్లేది. ఆ పూట నా చెయ్యంతా కందిపోయింది గానీ, మధ్యాహ్నానికి కండెలు గట్టిగా, సన్నగా వచ్చాయి. తీసుకెళ్లి నాన్నకిచ్చాను. అత్త గడప మీద కూర్చుని చెవి మగ్గం వైపే పెట్టింది.

"చూడు, ఇప్పుడాగుతుంది," అనేది. కండె మార్చుకోవడానికి తప్ప మగ్గం ఆగలేదు.

పడుగు అయిపోయింది. అత్త పిలిపించిన బండి వాకిట్లోకి వచ్చింది.

"ఏరా, దీన్ని ఎక్కించమంటావా?"

నాన్న తలెత్తకుండానే అన్నాడు. "రేపు కొత్త పడుగు ఎక్కిస్తున్నానక్కా. కండెలెవరు చుడతారు?"

అత్త అమ్మ వైపు చూసి, "నీ మొగుడికి నువ్వే గతి లేమ్మా," అంది. మూట చంకన పెట్టుకుని ఒక్కతే బండెక్కింది.

నేను సాగనంపడానికి రాట్నం దగ్గర్నుంచి లేవలేదు. అమ్మ వేళ్ల మధ్య నూలు బిగిసి ఉంది. లేస్తే తెగుతుంది.